బ్రేకు

రాత్రంతా కురిసిన తడిమంచు బరువుకి
కూహ్మో పోయే మట్టిరోడ్డు మీద
బర్చి చెట్టొకటి అడ్డంగా పడుకుంది.
ఎనిమిదింటికి బడిపిల్లల టాక్సీ రావాలి.
దాన్ని నడిపే ఓస్మో అప్పుడే రెండుసార్లు ఫోన్ చేశాడు.

హెల్వి వినిపించుకోలేదు.
కొట్టంలో బల్ల మీద మోటారు రంపాన్ని పెట్టి
గొర్రె గిట్టలు చూసే మనిషిలా
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"వేయ్కో, దీపం పట్టు" అంది నాతో.
ఆమె దగ్గర పనిలో చేరి అప్పటికి పదకొండు రోజులు.

ముందు ప్లగ్గు టోపీ ఊడబెరికింది.
"ఇందాకటి దాకా ఇది నోరు.
ఇప్పుడు ఉత్త ఇనుము. ఇక చెయ్యి పెట్టు."

గొలుసును కింద నుంచి లాగి వదిలింది,
టక్కున బార్‌ని కరుచుకుంది.
తొడుగు వేసుకున్న చేత్తో తిప్పి చూడమంది.
తిరిగింది, కాస్త బింకంగా,
పెళ్లిచూపుల్లో తలతిప్పినట్టు.

పళ్లు లెక్కపెట్టమంది.
ముప్పై రెండు.
"మనిషికున్నన్నే" అని నవ్వింది.
ఆమెకు మిగిలినవి పందొమ్మిది.
ఏడో పన్ను ఎప్పుడో రాయి కొరికింది,
అంచు మీద దీపం వెలుగు తెల్లగా నిలిచింది.
"మెరిసిందంటే మొద్దుబారిందన్నమాట."
ఆకురాయి ముందుకే తోసింది, వెనక్కి లాగలేదు,
తోపుకో సన్నని కూత.
ఆ ఒక్క పన్నుతో సరిపెడుతుందనుకున్నాను.
మిగతా ముప్పై ఒకటీ దానంత పొట్టివయ్యేదాకా
నా చేత అరగదీయించింది.

మూడోసారి ఫోన్.
"ఆలస్యం అమృతం విషం హెల్వీ!"
"నేను వండేది అమృతం కాదులే" అని పెట్టేసింది.

గాలి జల్లెడ దులిపాం.
పిడి కింద స్ప్రింగులు నొక్కి చూశాం.
తెగిన గొలుసును పట్టే కొక్కెం ఉందో లేదో
ఆమె చూడకుండానే తడిమి తెలుసుకుంది.
పెట్రోలు పోసిన చోటు నుంచి
పది అడుగులు నడిచి అవతల దించింది.
ప్లగ్గు టోపీ తొడిగి, బ్రేకు వేసి,
వెనక పిడిలో బూటు దూర్చి తాడు లాగితే
నాలుగో గుంజుకి గొంతు సవరించుకుంది.

బ్రేకు తీసి, బార్ కొసని మంచు వైపు చూపించింది,
తెల్లటి మంచు మీద గోధుమరంగు నూనె గీత.
బాగుంది.
పూర్తిగా గర్జించనిచ్చి
మణికట్టుతో ముందు రెక్కను నెట్టింది.

గొలుసు ఆగింది.
కానీ ఒక్క లిప్త తర్వాత ఆగింది.

మళ్లీ నెట్టింది.
మళ్లీ అదే లిప్త.
నేనైతే చూసి ఉండేవాణ్ని కాదు.
ఇంజన్ కట్టేసింది.

అప్పటికే టాక్సీ చెట్టు అవతల నిలబడింది.
ఓస్మో కొమ్మల మీంచి దూకి వచ్చాడు.
"కట్టేశావేం? తిరుగుతోందిగా!"
"తిరుగుతోంది" అంది హెల్వి.
"ఆగట్లేదు."

గోడకున్న విల్లు రంపం దించాం.
దానికీ పళ్లు చూసింది, మర మేకు బిగించింది.
ఒక కొస ఆమె, ఒక కొస నేను,
నా చెయ్యి పడిపోయాక ఓస్మో.
పిల్లలు నలుగురూ దిగి
దూరంగా నిలబడి రొట్టెలు తిన్నారు.
ఇల్మి అనే చిన్నది మా లాగుళ్లు లెక్కపెట్టింది,
రెండొందలు దాటాక తప్పిపోయి
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టింది.
బడికి యాభై నిమిషాలు ఆలస్యం.

సాయంత్రం కొట్టం గోడ మీద
పెన్సిలుతో రాసింది హెల్వి:
నవంబరు పద్నాలుగు. బ్రేకు పట్టీ.
దాని పైన ఆమె రాతే, ముప్పై ఏళ్ల పొడవునా:
కొక్కెం విరిగింది. గొలుసు సాగింది.
ట్యాంకు మూత కారుతోంది.
ఆమె చేతులకు పదివేళ్లూ ఉన్నాయని
ఆ గోడ చదివాకే గమనించాను.

గురువారం ఓస్మో కొత్త పట్టీ తెచ్చాడు.
డబ్బు వద్దన్నాడు.
చాలాసేపు గుమ్మంలోనే నిలబడి
తర్వాత టాక్సీ డిక్కీ తెరిచాడు.
గోనెసంచిలో చుట్టి ఉంది
అతని రంపం.